తుడిచేసిన మచ్చ

పోయినవారం మనం ప్రమీలను జూలూరుపాడు సెంటర్లో, బలరాం డిజిటల్ స్టూడియో మెట్ల మీద వదిలిపెట్టాం. ఖమ్మంలో ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా చదివే పిల్ల. కాలేజీ షోలో ఆమె గీసిన లంగా డిజైన్‌కు మొదటి బహుమతి వచ్చింది. పేపరు జిల్లా పేజీలో రంగుల ఫొటో పడింది. హైదరాబాద్ పోటీకి పంపుతామన్నారు, అక్కడ నెగ్గితే పెద్ద కాలేజీలో సీటు. అంతలో మండలాఫీసులో పనిచేసే లాల్‌సింగ్ ఆ పేపరు పట్టుకొని ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చి, "ఇది మా అమ్మ బట్ట, దొంగతనం చేసిండ్రు" అన్నాడు. "రేపు పొద్దున ఈ డిజైన్ ఎవరిదో నాకు చెప్పాలి, చెప్పలేకపోతే నీ పేరు కొట్టేస్తా" అంది ప్రిన్సిపాల్ మేడం. చెప్పాలంటే ముందు తనకు తెలియాలి కదా. అందుకే ఆ బొమ్మ పుట్టిన చోటికి వచ్చింది. తలుపు తోసింది.

లాల్‌సింగ్ అప్పటికే లోపల కుర్చీలో ఉన్నాడు.

పక్కన బెంచీ మీద అతని తండ్రి హాతీరాం. ఎర్ర తలపాగా, మోకాళ్ల మీద కర్ర, చేతిలో నలిగిపోయిన పేపరు ముక్క. ముసలాయన ఆ ముక్కలోంచి తల ఎత్తలేదు.

"రావమ్మా, రా," అన్నాడు లాల్‌సింగ్. "మా అమ్మ లంగ ఏసుకొని పిల్లలు స్టేజీ మీద తిరుగుతుంటే మస్తు చప్పట్లు కొట్టిండ్రట. మంచిగనిపించిందా?"

"సార్, మీ అమ్మెవరో నాకు తెల్వనే తెల్వదు."

"తెల్వనోళ్ల బట్ట ఎట్ల తీసినవ్ మరి?"

ప్రమీల బలరాం వైపు చూసింది. బలరాం కంప్యూటర్ ముందు కూర్చుని, మౌస్ కింద ఏదో పడిపోయినట్టు దాన్నే ఎత్తి ఎత్తి చూస్తున్నాడు.

"బలరామన్నా, సీడీ ఇచ్చింది నువ్వే కదా? కంపెనీ బొమ్మలు, ఎవలైనా వాడుకోవచ్చు అన్నవ్ కదా?"

"అన్న," అన్నాడు బలరాం. "అంటే... ఎవలూ అడగరనుకున్న చెల్లె."

ఇక్కడ బలరాం వ్యాపారం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అడవి అంచు ఊళ్లలో ఫొటో స్టూడియోలు నడిచింది పెళ్లిళ్ల మీద కాదు, చావుల మీద. ఉద్యోగం వచ్చిన కొడుకు పట్నంలో ఇల్లు కడతాడు. హాల్లో టీవీ పైన తల్లి ఫొటో పెట్టాలి. ఉన్న ఒక్క ఫొటోలో తల్లి అద్దాల రవికెలో, కుచ్చుల లంగాలో, నెత్తిన ముసుగుతో ఉంటుంది. సోఫాకు అది నప్పదు. "బలరామూ, పట్టుచీర కట్టియ్యరాదూ" అంటాడు. బలరాం దగ్గర తలల్లేని పట్టుచీరలు ఒక ఫోల్డర్ నిండా ఉండేవి. ఎరుపు కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ. తల కోసి అతికించి, మెడ దగ్గర రంగు కలిపేవాడు. బతికినన్నాళ్లు ఒక్క పట్టుచీర కొనని కొడుకులు చచ్చిపోయాక మౌస్‌తో కట్టించేవారు. అదీ ఒక రకం శ్రాద్ధమే అనుకోవాలి.

లాల్‌సింగ్ కూడా అదే చేయించాడు. కొత్త ఫొటో గోడకెక్కాక, పాత ఫొటోకు అద్దం పగిలి ఉంటే, పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదని దాన్ని భద్రాచలం తీసుకుపోయి గోదాట్లో కలిపేశాడు. తల పోయిన లంగా మాత్రం బలరాం కంప్యూటర్లో మిగిలిపోయింది. ఏదీ పారేసే రకం కాదు బలరాం. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని దాచాడు. ప్రమీలకు పనికొచ్చింది.

ఆమె తప్పు మాత్రం ఏముంది? మీ ఇంటి చేతిపని ఒకటి తెచ్చి, దాన్ని కంప్యూటర్లో పెంచి కొత్త డిజైన్ చేయమన్నారు కాలేజీలో. ఇంట్లో ఉన్నది తల్లి పూలి ఒక్కతే. అడిగింది. "సూదిల దారం ఎక్కియ్యనే రాదు నాకు. మన ఇంట్ల ఎవలూ కుట్టలే. తండాల పుట్టినోళ్లంత కుట్టాల్నని ఏమన్న ఉన్నదా?" అని పూలి కసిరింది. కూలికి పోయే మనిషి, ప్రమీలకు తెలివి వచ్చినప్పటి నుంచి నూలుచీర తప్ప వేరే బట్ట ఎరగదు. నిజమే కాబోలనుకుని ప్రమీల బలరాం దగ్గరికి వచ్చింది.

"నా బాధ నీకు తెల్వదు," లాల్‌సింగ్ గొంతు కొంచెం దిగింది. "పట్టుచీర ఫొటో పెట్టిన కాడి నుంచి మా నాయన దాని ముంగట అన్నం పెడుతలేడు. 'ఈ షావుకారు పెండ్లాం ఎవతెరా, మన గోడకెందుకున్నది' అంటడు. సుట్టాల ముంగట పరువు పోయింది. మొన్న పేపర్ల నీ బొమ్మ చూసిండు, ఇగ ఒకటే ఏడుపు. 'అగో, మీ అమ్మ లంగ, ఈ పిల్ల ఎందుకేసుకున్నది' అని. అందుకే చెప్తున్న, ఆ డిజైన్ కింద మా అమ్మ పేరు రాయాలె. కుట్టింది ఆమె. పేరు నీదెట్లయితది?"

ప్రమీల ఆ మాటనే మనసులో తిప్పి చూసుకుంది. నీదెట్లయితది అంటే ఎట్లయితది? లంగా తాను కుట్టలేదు. కానీ ఆ ముక్కను తెచ్చి, అంచు కోసి, అద్దంలో చూపినట్టు తిప్పి, పక్కపక్కన పేర్చి, ఎరుపును లేతాకుపచ్చ చేసి, కళ్లు మండేదాకా కూర్చున్నది తనే. మేడం మెచ్చుకున్నది ఆ పనినే. అయితే ఆ పని ఏ గుడ్డ మీద చేసిందో ఆ గుడ్డ తనది కాదు. ఇంతకీ దొంగతనం చేసిందా, చదువుకుందా? చదువంటేనే ఇదేమోనని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"ఫైలు తెరువన్నా," అంది బలరాంతో. "ఏది నాదో, ఏది కాదో నేనే చూస్త."

ప్రమీల సంచిలోంచి తీసిన తన డిజైన్ సీడీ కంప్యూటర్లోకి పోయింది. పెద్ద బుడ్డి మానిటర్ మీద ఆమె డిజైన్ విచ్చుకుంది. లేతాకుపచ్చ లంగా, అంచు నిండా అద్దాల వరసలు, నెమలి మెడలా వంపు తిరిగిన గళ్లు. ముసలాయన కర్ర ఊతంగా లేచి దగ్గరకొచ్చాడు.

ఆ ఫైల్లో బొమ్మలు గాజు పలకల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఒక్కో పలక పక్కన చిన్న కన్ను గుర్తు. కన్ను మూస్తే ఆ పలక మాయం. ప్రమీల మౌస్ తీసుకుని మూయడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ పోయి ఎరుపు వచ్చింది. ఇంకొకటి మూసింది. పేర్చిన ముక్కలు పోయి రెండే మిగిలాయి, ఎదురెదురుగా చూసుకుంటున్న కవలల్లా. ఇంకొకటి మూసింది. కవలల్లో ఒకటి పోయింది. మూసినకొద్దీ తన పని పోతూ ఉంది. ఆ చదువంతా కన్ను మూస్తే పోయేదేనా అని ఆమెకు గుబులు పుట్టింది.

చివరికి కింది పలక ఒక్కటే మిగిలింది. తల లేని, చేతులు లేని, కూర్చున్న ఆడమనిషి లంగా. ముదురెరుపు, అద్దాల మీద ఫ్లాష్ వెలుగు. మోకాలి కింద అరచేతిలో పట్టేంత నల్ల మచ్చ.

"అది బూజు," బలరాం చప్పున అన్నాడు. "పాత ఫొటోలకు పడుతది. చెల్లె క్లోన్ స్టాంప్‌తోని మంచిగ తుడిచింది. పక్క దారాలు తీసి దాని మీద ముద్ర కొట్టుకుంట పోయింది. ఆడ మచ్చ ఉండెనని నాకే గుర్తు లేకుండె."

"తుడిచిందా?" అన్నాడు హాతీరాం. అంతవరకు నోరు విప్పని మనిషి. బలరాం వైపు, ప్రమీల వైపు మార్చి మార్చి చూశాడు.

లాల్‌సింగ్‌కు అవేవీ పట్టలేదు. తెర మీద వేలు పెట్టి ఊగిపోతున్నాడు. "చూసిండ్రా? ఇదీ మా అమ్మ చేతిపని! ఒక్కొక్క అద్దం ఒంటిచేత్తోని కుట్టుకున్నది. మాకు బువ్వ పెట్టుకుంట, మ్యాకలు కాసుకుంట, కండ్లు పోయేటట్టు..."

ముసలాయన నవ్వాడు. మొదట దగ్గు అనుకున్నారు. తలపాగా కదిలేలా నవ్వుతున్నాడు.

"మీ అమ్మనా? కుట్టుడా? ఒరేయ్ లాలూ, మీ అమ్మ చేతికి అద్దమిస్తే మొఖం చూసుకునేది. కుట్టుడు యాడిదిరా దానికి?"

"నాయనా!"

"ఏందిరా నాయన? నువ్వప్పుడు హాస్టల్ల ఉన్నవ్. కాలనీ ఇండ్లిస్తం, ఆడోళ్ల పేర్ల మీద పట్టాలు, ఫొటోలు దిగాలె అన్నరు. కొత్తగూడెం నుంచి ఫొటోలాయన వచ్చిండు. తండాల సూత్తే మంచి లంగ ఒక్కటే. అందరివి చిరుగులే. ఇగ ఆ ఒక్క లంగనే వరసబెట్టి కట్టుకొని దిగిండ్రు. జైరాం పెండ్లాం దిగింది. కిషన్‌లాల్ వాళ్ల అవ్వ దిగింది. ఒకతె విప్పుడు, ఇంకొకతె కట్టుకునుడు. మీ అమ్మది ఆఖరి వంతు. దానికి పొట్టిగయ్యి పిక్కలు కనబడుతున్నయని సిగ్గుపడితే, కూసో, ఏం కాదు అన్న. అందుకే ఫొటోల కూసున్నది. తెల్సిందా?"

బలరాం నుదురు కొట్టుకున్నాడు.

"ఓరి దీనెమ్మ! అందుకేనా? మీ తండావోళ్లు ఇంకా ఇద్దరు ముసలమ్మల ఫొటోలు తెచ్చిండ్రు నా తాన పట్టుచీర కట్టియ్యమని. ముగ్గురికి ఇదే లంగ! తండాల పుట్టినోణ్ణే, మనోళ్ల లంగలన్నీ ఒక్క తీరే ఉంటయేమో అనుకున్న!"

"నువ్వు మనోనివేనారా?" అన్నాడు హాతీరాం. "సొంత బట్ట గుర్తుపట్టని మొఖం నీది. కంపూటర్ మాత్రం వచ్చింది."

ఆ మాట బలరాంకు తగిలిందో లేదో కాని ప్రమీలకు తగిలింది. గుర్తుపట్టనిది తను కూడా కదా.

లాల్‌సింగ్ కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున్నుంచి కాలేజీలో, బస్సులో, ఇక్కడ అరిచిన అరుపులన్నీ ఎవరి తరఫున అరిచినట్టు? తల్లి కుట్టలేదు, ఆ బట్ట తల్లిది కూడా కాదు. ఇల్లు కట్టిన కొడుకు దగ్గర తల్లికి చెందిన గుడ్డ పేలిక లేదు, గోడ మీది పట్టుచీర తప్ప. అది బలరాంది.

ప్రమీల అతని వైపు చూసింది. కోపం తెచ్చుకోవలసిన చోట జాలి వచ్చింది. "బలరామన్నా, పట్టుచీర ఫొటో ఉన్నదా నీ తాన?"

"ఉన్నది."

"తల ఆడ ఉన్నది, బట్ట ఈడ ఉన్నది. ఎవలది వాళ్లకియ్యరాదు?"

అది పెద్ద పనేం కాదు. పట్టుచీర మీది తలను కోసి, ఎర్ర లంగా పైకి దించారు. లేని రవికెను, చేతులను బలరాం తన దగ్గరున్న ముక్కల నుంచి అతికించాడు. గాజుల చేతులు ఇంకొక ముసలామెవి. అయినా ముసలాయనకు అదేం పట్టలేదు. తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి చూశాడు. "అగో," అన్నాడు. "వచ్చింది. సిగ్గుపడుతున్నది చూడు." లాల్‌సింగ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అంతా బాగానే ఉంది. కాని ప్రమీల ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. రేపు పొద్దున మేడం అడుగుతుంది, ఎవరిది అని. లాల్‌సింగ్ తల్లిది కాదు. తనదేనని గట్టిగా చెప్పేయొచ్చు, ఇక అడ్డొచ్చేవాళ్లు లేరు. చిత్రమేమిటంటే, అడ్డు తొలగిపోయాక ఆ మాట నోట్లోంచి అసలే రావడం లేదు.

"తాతా, మరి ఆ లంగ కుట్టింది ఎవలు?"

హాతీరాం వెంటనే చెప్పలేదు. కర్ర కొసతో నేల మీద ఏదో గీశాడు.

"పూలి అని ఒక పిల్ల ఉండె," అన్నాడు చివరికి. "దాని చేయి అసొంటి చేయి. అది కుడితే బట్ట మీద పిట్ట వాలెటట్టు ఉండేది. ఫొటోలు దిగిన తెల్లారి ఆ లంగ మా దడి మీద ఆరేసి, సంటిపిల్లను సంకనేసుకొని పోయింది. మళ్ల అడగరాలే. దమ్మపేట దిక్కు ఉన్నదన్నరు. సచ్చిందన్నరు. ఏం తెల్వదు."

ప్రమీల తల్లి పేరు కూడా అదే. పూలి అనే పేరు తండాకు నలుగురికి ఉంటుంది. దమ్మపేట దిక్కు తండాలు ఒకటా రెండా? మా యాడికి సూదిలో దారం ఎక్కించడం రాదు. మా ఇంట్లో ఎవరూ కుట్టలేదు. యాడీ అంటే లంబాడీలో అమ్మ.

"ఎందుకు పోయింది తాతా?"

"దాని సంగతి అడగకు బిడ్డా." ముసలాయన కొడుకు చేయి పట్టుకున్నాడు. "జల్దీ పోదాం పా లాలూ. బస్సున్నది."

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ప్రమీల ముఖాన్ని కాస్త ఎక్కువసేపే చూశాడు. "నీది ఏ తండా?" అని అడుగుతాడనుకుంది. అడగలేదు. వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరింది ప్రమీల. ఖమ్మం బస్సు కాదు, దమ్మపేట వైపు, తన తండాకు. మేడం కాలేజీకి వచ్చే వేళకు ఈమె జీపు వెనక నిలబడి దుమ్ము తింటోంది. సంచిలో సెల్‌ఫోన్ రెండుసార్లు మోగింది. తీయలేదు. తీసి చెప్పడానికి ఏముంది? నాది కాదు, వాళ్లది కాదు, మా అమ్మది కావచ్చు, మా అమ్మకు కుట్టడం రాదు. ఈ ముక్క ఏ ప్రిన్సిపాల్‌కు అర్థమవుతుంది?

పూలి ఇంటి నడిమధ్య చింతపండు గింజ తీస్తోంది. కూతుర్ని చూసి, "ఏందే, కాలేజీ లేదా?" అంది.

"ఉన్నది." ప్రమీల చుట్ట చుట్టిన కాగితం విప్పి నేల మీద పరిచింది. బహుమతి వచ్చిన రంగుల ప్రింటు. లేతాకుపచ్చ, వరసలు వరసలుగా. కింది పలక కాదు, తన చదువంతా పైనున్న బొమ్మ. కావాలనే అది తెచ్చింది. ఎరుపు లేదు, మచ్చ లేదు, ముసలాయనలా ఆ లంగాను ఎరిగినవాళ్లు తప్ప ఎవరూ గుర్తుపట్టలేరు. తెలియని మనిషైతే బాగుంది అంటుంది. అంటే చాలు, ఈ గొడవ వదిలిపోతుంది, ఫోన్ తీసి నాదే మేడం అని చెప్పేయొచ్చు.

"నా డిజైన్. ఎట్లున్నది యాడీ?"

"బాగనే ఉన్నది," అంది పూలి, సరిగా చూడకుండానే. మళ్లీ చింతపండులోకి చేయి పెట్టింది. ప్రమీల గుండె బరువు దిగింది. కాగితం చుట్టబోయింది.

"ఉండు."

పూలి చేయి కొంగుకు తుడుచుకుంది. బాగా తుడుచుకుంది, వేలు వేలునా. కాగితం మీదికి వంగి, ఒక గడి మీద వేలు ఆనించింది. అద్దాల వరస పట్టుకుని ఆ వేలు కిందికి నడిచింది, వంపు తిరిగింది, ఒక చోట ఆగింది. పక్క గడిలోకి పోయింది. అక్కడ బొమ్మ అద్దంలో తిరగబడినట్టు ఉంటుంది. వేలు కూడా తిరగబడి, ఎడమకు పోవలసింది కుడికి పోయి, సరిగ్గా ఆ చోటే ఆగింది. మళ్లీ పక్క గడి. మళ్లీ అక్కడే. ఒక్క మచ్చ ఉండిన చోటు కాగితం నిండా ఎన్నెన్ని చోట్ల ఉందో ప్రమీల అప్పుడే మొదటిసారి చూసింది.

"ఈడ కాలింది ఉండాలె," అంది పూలి. "ఈడ. గీడ కూడ. ఎవలు తుడిచిండ్రు?"

"నేనే యాడీ."

పూలి తల ఎత్తలేదు. సంచిలో ఫోన్ మూడోసారి మోగింది. అది ఆగాక పూలి లేచి, పట్టపగలు తలుపు మూసి లోపల గడియ పెట్టింది.